ఉట్టి - ఆకాశం : ఆర్థిక సంక్షోభంలో మహావిజ్ఞాన ప్రణాళికల భవితవ్యం

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నదట" అని మనకొక సామెత ఉన్నది. చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన 2023 ఆగస్టు 23వ తేదీకి మరునాడు, తరగతిలో నేను సామెతల పాఠం చెబుతున్నాను. వెనుక బల్ల మీది నుంచి ఒక విద్యార్థి లేచి, "సార్, ఈ సామెత మన దేశానికే సరిపోతుంది కదా! మా ఇంట్లో నెలాఖరుకు గ్యాసు బండ రావాలంటే అప్పు చేయాలి. ప్రభుత్వం మాత్రం చంద్రుని మీదికి వందల కోట్లు పంపుతున్నది" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఏదో చెప్పి ఆ పూటకు తప్పించుకున్నాను.

ఆ ప్రశ్న చిలిపి ప్రశ్న కాదు. ధరలు పెరిగి, రాబడి తరిగి, ఉద్యోగాలు కరువైనప్పుడల్లా ప్రతి దేశంలోనూ ఈ ప్రశ్న పుడుతుంది. నేను తెలుగు ఉపన్యాసకుణ్ణి, భౌతికశాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా సామెతకు అర్థం చెప్పవలసిన బాధ్యత నాదే గనుక, ఆనాడు దాటవేసిన సమాధానాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

మహావిజ్ఞానమంటే ఏమి?

ఒక శాస్త్రజ్ఞుడు తన బల్ల మీద నాలుగు గాజుపాత్రలతో చేయగల పరిశోధన వేరు. వేలాది మంది ఇంజనీర్లు, కార్మికులు, గణకులు పది ఇరవై ఏండ్లు కలిసి పనిచేస్తే తప్ప ఫలితం కనబడని పరిశోధన వేరు. ఈ రెండవ దానినే మహావిజ్ఞానం అంటున్నాము. అంతరిక్ష నౌకలు, అణు రియాక్టర్లు, కణత్వరణ యంత్రాలు, పెద్ద దూరదర్శినులు ఈ కోవకు చెందినవి. వీటికి మూడు లక్షణాలు ఉన్నవి. మొదటిది, ధనం ముందు పోయవలసి వస్తుంది, ఫలం తరువాత వస్తుంది. రెండవది, ఈ ధనం చాలా వరకు ప్రజల పన్నుల నుంచి వస్తుంది. మూడవది, పని నడుమ ఆగితే సగం పనికి సగం ఫలం దక్కదు. తరచు ఏమీ దక్కదు.

ఈ మూడవ లక్షణమే ఈ వ్యాసానికి ఆయువుపట్టు. కష్టకాలంలో ఖర్చు తగ్గించుకోవడం తప్పు కాదు, తప్పనిసరి. కాని తగ్గించడం వేరు, తెంచడం వేరు. వేగం తగ్గిన పని మళ్ళీ వేగం అందుకోగలదు. తెగిన పని అతకడం బహు కష్టం.

ఆనకట్ట చెప్పే పాఠం

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మన కళాశాల నుంచి ప్రకాశం బ్యారేజి వరకు నడిచి వెళితే చాలు.

1832-33లో గుంటూరు మండలాన్ని నందన కరువు పట్టి పీడించింది. అప్పటి జనాభా సుమారు 5 లక్షలు. అందులో మూడవ వంతుకు తక్కువ కాకుండా జనం నశించినారని చరిత్రకారులు వ్రాసినారు. అదే సమయంలో కృష్ణానది నిండుగా ప్రవహించి సముద్రంలో కలిసిపోతూనే ఉన్నది. నదికి అడ్డుకట్ట కట్టవలెనన్న ఆలోచన అప్పటి ఇంజనీర్లకు కలిగింది. కాని ఈస్టిండియా కంపెనీ వర్తక సంస్థ. కరువు వలన శిస్తు పడిపోయిన కాలంలో అంత పెద్ద కట్టడానికి డబ్బు పెట్టడానికి అది వెనుకాడింది. చివరకు 1852లో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ పని మొదలై 1855లో ఆనకట్ట పూర్తి అయినది. అంటే కరువుకూ కట్టకూ నడుమ ఇరవై ఏండ్లు గడిచిపోయినవి. ఆ తరువాత డెల్టా ఎట్లా మారినదో మనకు తెలిసినదే. ఈనాడు మన మెతుకు ఆ కాలువ నీటి నుంచి వచ్చినదే.

"ఇంత లేమిలో అంత పెద్ద పనియా?" అని ఆనాడు అడిగినవారు మూర్ఖులు కారు. వారి లెక్కలో ఒక అంకె లోపించింది. పని చేయకపోవడానికి అయ్యే ఖర్చును వారు లెక్కవేయలేదు. 1952 వరదలో ఆ పాత ఆనకట్టకు గండి పడినది. అప్పుడు మన ప్రభుత్వాల వద్ద ధనం పొంగి పొరలడం లేదు. స్వాతంత్ర్యం వచ్చి ఐదేండ్లే అయినది. అయినా ఇరవై ఏండ్లు తటపటాయించలేదు. 1957 నాటికి బ్యారేజి సిద్ధమయినది. ఒకసారి అనుభవానికి వచ్చిన ప్రయోజనాన్ని సమాజం వదులుకోదు. చిక్కంతా ప్రయోజనం ఇంకా కంటికి కనబడని దశలోనే ఉన్నది.

లేమిలో పుట్టిన రాకెట్లు

భారత అంతరిక్ష పరిశోధన సంపన్నుల విలాసంగా పుట్టలేదు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబ నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. అది అమెరికా ఇచ్చిన రాకెట్టు. చేపలు పట్టేవారి గ్రామంలోని ఒక చర్చి కట్టడమే అప్పటి కార్యాలయం. రాకెట్టు భాగాన్ని సైకిలు మీద తీసుకొనిపోతున్న ఛాయాచిత్రాన్ని మీలో చాలామంది చూచి ఉంటారు. విక్రమ్ సారాభాయ్ అప్పుడే ఒక నియమం పెట్టినారు. చంద్రగ్రహ యాత్రల్లో సంపన్న దేశాలతో పోటీ మన లక్ష్యం కాదనీ, మనుష్యుల నిజమైన సమస్యలకు ఉన్నత విజ్ఞానాన్ని వినియోగించడంలో మాత్రం మనం ఎవరికీ తీసిపోరాదనీ ఆయన ఉద్దేశం. 1971 డిసెంబరు 30న ఆయన మరణించే నాటికి పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలో పని ఆరంభమయినది. ఆ ఏడాది అక్టోబరులోనే అక్కడి నుంచి చిన్న రోహిణి రాకెట్లు లేచినవి. బెజవాడ నుంచి మద్రాసు పోయే రైలులో సూళ్లూరుపేట దాటినవారందరూ ఆ దీవి ప్రక్కగా పోయినవారే.

తరువాతి సంవత్సరాలు ఎటువంటివో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1973లో చమురు ధర నాలుగింతలు కావడం మొదలయినది. 1974లో మన దేశంలో ధరల పెరుగుదల 20 శాతాన్ని దాటింది. కిరోసిన్ కోసం, పంచదార కోసం బారులు తీరి నిలుచున్న కాలమది. ఆ కాలంలోనే బెంగుళూరు శివారులో రేకుల కప్పుల క్రింద ఆర్యభట ఉపగ్రహం తయారయినది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టు దానిని ఆకాశానికి చేర్చింది. ఆ ఏడాదే ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహాన్ని ఎరువు తెచ్చుకొని ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ ద్వారా వ్యవసాయ, ఆరోగ్య పాఠాలు చెప్పినారు. వాటిలో మన రాష్ట్రపు పల్లెలు కూడా ఉన్నవి. సినిమాహాలు కూడా లేని పల్లెలో రచ్చబండ వద్ద తెలుగు పాఠం ఆకాశం నుంచి దిగి వచ్చినది.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు కొన్ని నిమిషాలలోనే బంగాళాఖాతంలో కూలిపోయినది. రెండవ దశలోని నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడమే కారణమని తేలింది. ప్రజల సొమ్ము సముద్రం పాలయినదన్న విమర్శ సహజంగానే వచ్చినది. అయితే ఆ బృందాన్ని చెదరగొట్టలేదు. ఏడాది తిరగకముందే, 1980 జూలై 18న, అదే బృందం అబ్దుల్ కలాం నాయకత్వంలో సుమారు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. కూలిన రాకెట్టు నేర్పిన పాఠం ఆ మనుష్యుల తలలో ఉన్నది. వారిని ఇంటికి పంపి ఉంటే ఆ పాఠం కూడా ఇంటికి పోయి ఉండేది.

దివిసీమ సాక్ష్యం

ఇంతవరకు చెప్పినది చరిత్ర. ఇక మన గడపలోని సాక్ష్యం చెబుతాను.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన గురించి కృష్ణా జిల్లాలో తెలియని కుటుంబం లేదు. సముద్రం మూడు నిలువుల ఎత్తున లేచి నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతాల పల్లెలను ఊడ్చి వేసినది. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది మరణించినారు. అంతకంటె ఎక్కువేనని చాలామంది నమ్మకం. తుపాను ఉన్నదని వాతావరణ శాఖకు తెలియకపోలేదు. కాని రోజుకు కొన్నిసార్లు మాత్రమే మన మీదుగా పోయే విదేశీ ఉపగ్రహాల చిత్రాలే అప్పుడు ఆధారం. అది ఎప్పుడు ఎటు తిరుగుతున్నదో ఎడతెగకుండా చూసే కన్ను మనకు లేదు. తెలిసిన హెచ్చరికయినా కడపటి పల్లెకు చేరే త్రోవ లేదు.

1982 ఏప్రిల్‌లో ఇన్సాట్-1ఎ ఆకాశానికి పోయి అయిదు నెలలకే చెడిపోయినది. మరల విమర్శ వచ్చినది. అయినా 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి వెళ్ళింది, నిలిచింది. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఇటువంటి ఉపగ్రహం భూమితో సమానంగా 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. అందువలన మనకు అది ఒకేచోట నిలిచినట్లుంటుంది. బంగాళాఖాతాన్ని పగలు వెలుతురులోనూ, రాత్రి మేఘాలు వెలువరించే ఉష్ణకిరణాల సహాయంతోనూ చూడగలదు. చూచుటయే కాక చెప్పనూ గలదు. మద్రాసు కేంద్రం నుంచి పంపిన హెచ్చరిక ఆ ఉపగ్రహం మీదుగా తీరగ్రామంలోని పెట్టెకు చేరి ముందు కూత పెట్టి, పిమ్మట స్థానిక భాషలో మాట్లాడే ఏర్పాటును 1980 దశకంలో మన తీరానికి తెచ్చినారు.

1990 మే 9న మరొక తుపాను కృష్ణ ముఖద్వారం వద్దనే తీరం దాటింది. బలంలో అది 1977 నాటి దానికి తీసిపోయినది కాదు. ఈసారి లక్షకు మించిన జనాన్ని ముందుగానే తరలించినారు. మరణించినవారు వెయ్యికి లోపు. ఆ సంఖ్య కూడా చిన్నదేమీ కాదు. ప్రతి ప్రాణం ఒక ఇంటి దీపమే. అయినా పదివేలకూ వెయ్యికీ నడుమ ఉన్న వ్యత్యాసం ఎంతమంది తల్లులో, ఎంతమంది బిడ్డలో ఆలోచించండి.

ఈ ఘనత అంతా ఉపగ్రహానిదే అనడం అతిశయోక్తి. ఉప్పెన తరువాత కట్టిన తుపాను ఆశ్రయ భవనాలు, రాడార్లు, పోలీసు వైర్‌లెస్, ఊరూరా తిరిగిన ఉద్యోగులు, పాత దుఃఖాన్ని మరువని ప్రజలు, అందరూ కలిసి ప్రాణాలను కాపాడినారు. కాని వారందరికీ సమయాన్ని సంపాదించి పెట్టినది ఆకాశంలోని కన్ను. నన్ను ప్రశ్నించిన విద్యార్థిది దివిసీమే. వాని ఇంటి పెద్దలను అడిగితే నాకంటె బాగా సమాధానం చెప్పగలరు.

1991 : బంగారం తాకట్టు

మన దేశపు ఆర్థిక సంక్షోభాల్లో 1991 నాటిది మరపురానిది. విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి వచ్చింది. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది. ఇంటి ఇల్లాలి మెడలోని పుస్తెలు కుదువకు పోయినంత అవమానంగా ప్రజలు భావించినారు.

అప్పటికి మన అంతరిక్ష శాఖకు కూడా గడ్డు రోజులే. 1987లోనూ 1988లోనూ రెండు ఎ.ఎస్.ఎల్.వి. రాకెట్లు విఫలమయినవి. 1982లో అనుమతి పొందిన పి.ఎస్.ఎల్.వి. ఇంకా పూర్తి కాలేదు. ఆ స్థితిలో పని మానివేయడానికి కారణాలు వెదకనక్కరలేదు. మానలేదు. 1991 ఆగస్టులో, బంగారం తాకట్టుకు పోయిన మరుసటి నెలలోనే, భూమి వనరులను పరిశీలించే ఐ.ఆర్.ఎస్.-1బి ఉపగ్రహం సోవియట్ రాకెట్టు మీద వెళ్ళింది. 1993 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి లేచిన తొలి పి.ఎస్.ఎల్.వి. కూలిపోయినది. 1994 అక్టోబరు 15న రెండవది విజయం సాధించింది. ఆ రాకెట్టే తరువాత 2008లో చంద్రయాన్-1ను, 2013లో మంగళయాన్‌ను మోసినది. మంగళయాన్ వెళ్ళిన 2013 సంవత్సరం కూడా రూపాయి విలువ బాగా పడిపోయిన సంవత్సరమే. సుమారు 450 కోట్ల రూపాయల ఆ ప్రణాళిక 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యను చేరింది.

తెగిన దారాలు

ఇదే కాలంలో సంపన్న దేశాల్లో జరిగినదానిని దీనితో పోల్చి చూడండి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 87 కిలోమీటర్ల వలయంతో ఒక మహా కణత్వరణ యంత్రాన్ని తలపెట్టినారు. వ్యయం అంచనాలు ఏటేటా పెరుగుతూ పోయి మొదటి దానికి రెట్టింపు దాటినవి. లోటు బడ్జెట్టు మీద ప్రజలు ఆగ్రహిస్తున్న వేళ 1993 అక్టోబరులో శాసనసభ దానిని రద్దు చేసింది. అప్పటికి సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయినవి, 23 కిలోమీటర్ల సొరంగం త్రవ్వబడినది. ఆ సొరంగం ఎందుకూ పనికిరాలేదు. జెనీవాలోని ఐరోపా దేశాల సంస్థ పాత సొరంగాన్నే వాడుకొని, అనేక దేశాల నుంచి చందా పోగుచేసి, నెమ్మదిగా తన యంత్రాన్ని కట్టుకొన్నది. ఫలితంగా 2012 జూలై 4న హిగ్స్ కణపు వార్త అక్కడి నుంచి వచ్చినది.

సోవియట్ యూనియన్ కథ ఇంకా విషాదకరం. మనుష్యులు లేకుండానే ఎగిరి దిగిన బురాన్ అనే అంతరిక్ష విమానం 1988 నవంబరు 15న లోకాన్ని ఆశ్చర్యపరిచింది. తరువాత దేశమే విడిపోయింది, ఖజానా ఎండిపోయింది. బురాన్ మరల ఎగురలేదు. 2002లో బైకనూరులోని దాని షెడ్డు పైకప్పు కూలి విమానం ధ్వంసమయినది. ఎనిమిది మంది పనివారు మరణించినారు.

మహావిజ్ఞానం ఎట్లా అంతరించిపోతుందో చెప్పే కథ ఇస్లామీయ చరిత్రలోనూ ఉన్నది. సమర్కందులో ఉలుగ్ బేగ్ నిర్మించిన వేధశాల పదిహేనవ శతాబ్దంలో ప్రపంచంలోకెల్ల గొప్పది. అక్కడ వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలను లెక్కగట్టినారు. 1449లో ఆ రాజు హత్యకు గురి కావడంతో అది పాడుపడినది. ఒక్క రాజు అభిరుచి మీద నిలిచిన విజ్ఞానం ఆ రాజుతోనే పోయింది. దీనికి భిన్నంగా మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్వంత ధనంతో స్థాపించిన నిజామియా వేధశాల ఆయనతో పోలేదు. 1908లో, మూసీ వరద హైదరాబాదును ముంచిన ఆ సంవత్సరంలోనే, అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. అంతర్జాతీయ నక్షత్ర పట్టికకు నాలుగు లక్షలకు పైగా నక్షత్రాలను కొలిచి ఇచ్చింది. వ్యక్తి దాతృత్వంతో ఆరంభమైనది సంస్థ బాధ్యతగా మారినందువలననే ఆ పని నిలిచినది.

ఎదుటి వాదం

న్యాయంగా ఎదుటి వాదాన్ని కూడా వినవలసి ఉన్నది.

మొదటిది, లెక్కల మాయ. 2024-25 కేంద్ర బడ్జెట్టులో అంతరిక్ష శాఖకు కేటాయించినది సుమారు 13,043 కోట్లు. మొత్తం బడ్జెట్టులో నూరు రూపాయలకు ఇది 27 పైసలు. చంద్రయాన్-3కు అయినదని చెప్పే 615 కోట్లు తలకు అయిదు రూపాయలు కూడా కావు. అయితే తలకు అయిదు రూపాయలన్న వాదంతో ఏ దుబారానైనా సమర్థించవచ్చు. కనుక ఖర్చు చిన్నది కావడం చాలదు, దాని ప్రయోజనం చూపవలెను.

రెండవది, త్యాగం ఎవరిదన్న ప్రశ్న. శ్రీహరికోట నిర్జన ద్వీపం కాదు. అక్కడి అడవినీ ఉప్పుటేరులనూ నమ్ముకొని యానాదులు బ్రతికేవారు. రాకెట్ల కోసం వారు దీవిని విడువవలసి వచ్చింది. దేశం ఆకాశానికి ఎక్కిన నిచ్చెన వారి ముంగిట నాటినది. ఆ ఋణాన్ని విజయోత్సవ సభలలో ఎవరూ తలచరు. తలచి తీర్చినప్పుడే ఆ విజ్ఞానం నిజంగా ప్రజలది అవుతుంది.

మూడవది, ఆకాశం చేయగల దానికి హద్దు ఉన్నది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన విద్యార్థుల పుస్తకాలు, ధ్రువపత్రాలు ఆ నీటిలోనే నానినవి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయినది. మేఘాలను చీల్చి చూడగల రాడార్ ఉపగ్రహాలు మనకు ఉన్నవి; ఏ వీధి ఎంత మునిగినదో పటం గీయగలవు. కాని కట్టకు పడిన గండిని ఉపగ్రహం పూడ్చలేదు. వాగు గట్టు మీద లేచిన ఇళ్లను అది తొలగించలేదు. ఆకాశంలో కన్ను పెట్టి నేల మీద చేయి ముడుచుకొని కూర్చుంటే ఆ చూపు వ్యర్థం. "ముందు ఉట్టి సంగతి చూడండి" అనేవారి మాటలో ఉన్న సత్యం ఇదే. అయితే దానికి మందు కన్ను పొడుచుకోవడం కాదు, చేయి కదపడం.

రాబోయే కాలం

కోవిడ్ సంవత్సరాల్లో మరల కత్తెర పడినది. 2020-21లో అంతరిక్ష శాఖకు మొదట సుమారు 13,479 కోట్లు కేటాయించి, తరువాత 9,500 కోట్లకు సవరించినారు. శ్రీహరికోట నుంచి 2019లో ఆరు ప్రయోగాలు జరుగగా 2020లోనూ 2021లోనూ రెండేసి మాత్రమే జరిగినవి. చంద్రయాన్-3 ఆలస్యమయినది. కాని బృందం నిలిచి ఉన్నందువలన 2023లో పని పూర్తి అయినది. తగ్గించడానికీ తెంచడానికీ ఉన్న భేదం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

సంక్షోభాలు ఇక మీదట కూడా వస్తూనే ఉంటవి. అప్పుడు ఏ మహాప్రణాళికలు నిలుస్తవి? ఇంతవరకు చూచిన ఉదాహరణల నుంచి నాలుగు సూత్రాలు తేలుతున్నవి.

ఒకటి, మితం. మొదటే తాహతుకు మించిన అంచనా వేసి, ఏటేటా పెంచే ప్రణాళిక గడ్డుకాలంలో మొదట కూలుతుంది. రెండు, అనుబంధం. తీరంలోని జాలరికీ పొలంలోని రైతుకూ ఏదో ఒక విధంగా ఉపయోగపడే విజ్ఞానానికి ప్రజలే అండ. చంద్రయానం వంటి శుద్ధ విజ్ఞానం కూడా ఆ అండ నీడనే పెరుగుతుంది. తుపానును చూపిన సంస్థ చంద్రుని వైపు చూస్తే జనం కాదనలేదు. మూడు, భాగస్వామ్యం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నిసార్ ఉపగ్రహం భారత, అమెరికా దేశాల ఉమ్మడి సొత్తు. ఒక్క దేశం మోయలేని బరువును నలుగురు మోయవచ్చు. అయితే ఇందులో జాగ్రత్త కూడా అవసరం. క్రయోజెనిక్ ఇంజను విద్యను ఇస్తామన్న రష్యా 1993లో అమెరికా ఒత్తిడికి లోబడి వెనుకకు తగ్గింది. ఆ విద్యను మనమే నేర్చుకొని స్వంత ఇంజనుతో రాకెట్టును గెలిపించే సరికి 2014 జనవరి వచ్చింది. నాలుగు, మనుష్యులు. యంత్రాన్ని మూలకు పెట్టి పదేండ్లకు దుమ్ము దులపవచ్చు. నేర్చిన చేతిని పదేండ్లు ఖాళీగా ఉంచితే నేర్పు మిగలదు, నేర్పేవారూ మిగలరు. ఖర్చు తగ్గించే అధికారి చేతిలోని కత్తెర ఈ నాలుగవ దారాన్ని మాత్రం తాకరాదు.

మన ప్రయోగశాల

విద్యార్థి మిత్రులారా! దేశాల కథ అట్లుంచి మన ఇంటి కథకు వద్దాము. ప్రతి సంస్థకూ తన స్థాయిలో ఒక సంక్షోభం ఉంటుంది, తన స్థాయిలో ఒక మహాప్రణాళిక ఉంటుంది. మన వంటి చిన్న కళాశాలకు భౌతిక, రసాయన ప్రయోగశాలలే శ్రీహరికోట. రుసుములు సకాలంలో రాని సంవత్సరాల్లో ఏ ఖర్చు వాయిదా వేద్దామన్న చర్చ వచ్చినప్పుడు, ప్రయోగశాల సామగ్రి పేరు జాబితాలో ముందు వస్తుంది. దాని వలన రేపు ఉదయం ఎవరికీ నష్టం కనబడదు గనుక అది సులభమైన పొదుపు.

నిర్వాహక సంఘం పెద్దలకు నా వినయపూర్వకమైన మనవి ఇంతే. పెద్దలు ఈ కళాశాలను చందాలతో, కష్టంతో నిలబెట్టినవారు. లెక్కలు వారికి నేను చెప్పవలసిన పని లేదు. గోడల సున్నం ఒక ఏడాది ఆగవచ్చు. వార్షికోత్సవపు పందిరి చిన్నది కావచ్చు. నేను వ్రాస్తున్న ఈ సంచిక పేజీలు కూడా కొన్ని తగ్గవచ్చు. కాని బ్యూరెట్టు పట్టుకోకుండా, కటకం గుండా కాంతి వంగడాన్ని తన కళ్లతో చూడకుండా ఒక్క తరగతి బయటకు వెళ్ళిపోతే, ఆ మూడేండ్లను తరువాతి ఏ బడ్జెట్టూ తిరిగి ఇవ్వలేదు. మన పిల్లల్లో చాలామందికి ఇంటివద్ద విజ్ఞాన గ్రంథం లేదు, ట్యూషన్ లేదు. వారికి ఉన్నది ఈ గది ఒక్కటే.

ఆ విద్యార్థికి నేను ఇప్పుడు చెప్పగలిగిన సమాధానం ఇది. నాయనా, సామెత తప్పు కాదు. ఉట్టిని మరచి ఆకాశానికి ఎగురబోయినవారిని చూచి నవ్వడానికి మన పెద్దలు దానిని పుట్టించినారు. కాని మీ దివిసీమలో ఉప్పెన వచ్చిన రాత్రి ఉట్లూ ఇళ్లూ కూడా కొట్టుకొనిపోయినవి. ఆ ఉట్టిని నిలుపుకోవడానికే మనం ఆకాశానికి ఎక్కవలసి వచ్చింది. ఎక్కినవారు క్రిందికి చూడడం మాననంత వరకు, క్రింద ఉన్నవారు లెక్క అడగడం మాననంత వరకు, ఏ సంక్షోభమూ ఆ నిచ్చెనను పడద్రోయలేదు. నీవు ఆనాడు అడిగినది లెక్కే. అడుగుతూనే ఉండు.